కొన్న ఈ-బుక్ మనదేనా? రోల్‌ప్లేయింగ్ గేమ్ పుస్తకాల్లో తాళాలు, లైసెన్సులు

సొంతింటికీ కిరాయింటికీ తేడా ఎవరికీ చెప్పనక్కర్లేదు. సొంతింట్లో గోడకు మేకు కొట్టాలంటే ఎవరినీ అడగం. కిరాయింట్లో అడగాలి. ఓనరు ఖాళీ చేయమంటే చేయాలి. ఈ-బుక్స్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం చాలామంది ఈ తేడా చూసుకోరు. బటన్ నొక్కాం, ఖాతాలో డబ్బులు కట్ అయ్యాయి, పుస్తకం మనదైపోయింది అనుకుంటాం. నిజానికి చాలాసార్లు మనం కొన్నది పుస్తకం కాదు. దాన్ని చదువుకోవడానికి ఇచ్చిన అనుమతి మాత్రమే.

ఈ తేడా ఎంత దూరం తీసుకెళ్తుందో తెలుసుకోవాలంటే టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ గేమ్స్ పుస్తకాల చరిత్ర చూడాలి. కొనుక్కున్న ఫైళ్ళు మళ్ళీ డౌన్‌లోడ్ కాకుండా పోవడం, 23 ఏళ్ళుగా నమ్ముకున్న లైసెన్సును వెనక్కి తీసుకుంటామని కంపెనీ అనడం, ఆడేవాళ్ళంతా ఎదురు తిరిగితే అదే కంపెనీ దిగిరావడం, అన్నీ ఈ ఒక్క రంగంలోనే జరిగాయి. ఈ ఆటలు ఆడే పిల్లలకూ, వాళ్ళు అడిగితే కార్డు నంబరు ఇచ్చే అమ్మానాన్నలకూ పనికొచ్చే వివరాలు ఇవి.

ఈ ఆటలో పుస్తకం ఎందుకంత ముఖ్యం?

నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు కథ నడిపిస్తారు. ఆయన్ని గేమ్ మాస్టర్ అంటారు. మిగతావాళ్ళు తలా ఒక పాత్ర తీసుకొని, ఆ పాత్ర ఏం చేస్తుందో నోటితో చెబుతారు. పని నెరవేరిందా లేదా అన్నది పాచికలు తేలుస్తాయి. ఆరు ముఖాల పాచికతో పాటు ఇరవై ముఖాల పాచిక కూడా వాడతారు. ఈ ఆటల్లో మొదటిదిగా పేరుపొందింది డంజియన్స్ అండ్ డ్రాగన్స్. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తయారుచేసిన ఈ ఆటను 1974లో అమెరికాలో టీఎస్ఆర్ అనే చిన్న కంపెనీ అచ్చేసింది. 1997లో టీఎస్ఆర్‌ను విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ కొనుక్కుంది. 1999లో విజార్డ్స్‌ను బొమ్మల కంపెనీ హాస్‌బ్రో కొనుక్కుంది.

క్యారమ్స్‌కు బోర్డు, క్రికెట్‌కు బ్యాటు ఎలాగో ఈ ఆటకు పుస్తకం అలాగ. నవల అయితే ఒకసారి చదివి పక్కన పెడతాం. ఇక్కడ అలా కుదరదు. ఆట మధ్యలో పదిసార్లు పేజీలు తిప్పాలి, ఒక పదం కోసం వెతకాలి, పాత్ర వివరాలు రాసుకొనే కాగితం ప్రింట్ తీయాలి, మ్యాపు పెద్దది చేసి బల్ల మీద పరచాలి, ఒక పేరాను కాపీ చేసి సొంత నోట్సులో పెట్టుకోవాలి. బల్ల చుట్టూ ఉన్న అందరికీ అదే పుస్తకం కావాలి.

అచ్చు పుస్తకాలు చవకేమీ కాదు. 2014లో వచ్చిన అయిదో ఎడిషన్‌లో ముఖ్యమైనవి మూడు పుస్తకాలు. ఒక్కోదాని ధర అమెరికాలో 49.95 డాలర్లు. మూడూ కలిపితే దాదాపు 150 డాలర్లు. మన దేశంలో ఉన్నవాళ్ళు పీడీఎఫ్ వైపు చూడటానికి ఇదో పెద్ద కారణం.

తాళం వేరు, లైసెన్సు వేరు

ముందు రెండు మాటలు విడదీసుకోవాలి. ఈ రెండింటినీ కలిపేయడం వల్లే సగం గందరగోళం.

మొదటిది డీఆర్ఎం. అంటే డిజిటల్ రైట్స్ మేనేజ్‌మెంట్. పేరులో రైట్స్ అని ఉన్నా ఇది చట్టం కాదు, సాఫ్ట్‌వేర్ వేసే తాళం. ఫలానా ఖాతాతో లాగిన్ అయితేనే పుస్తకం తెరుచుకుంటుంది, ఇన్ని పరికరాల్లోనే పనిచేస్తుంది, ఇన్ని పేజీలకు మించి ప్రింట్ రాదు, టెక్స్ట్ కాపీ కాదు, ఇలాంటి అడ్డంకులన్నీ దీని పనే. తాళంచెవి చాలాసార్లు అమ్మినవాళ్ళ సర్వర్‌లోనే ఉంటుంది. ఆ సర్వర్ మూతపడితే మన ఇంట్లో ఉన్న ఫైలు కూడా తెరుచుకోకపోవచ్చు.

రెండోది లైసెన్సు. ఇది మాట రూపంలో, రాతలో ఉండే అనుమతి. ఈ పుస్తకంతో మీరు ఏం చేయొచ్చు, ఏం చేయకూడదు అని చెబుతుంది. ఫొటోకాపీ తీసి పంచొచ్చా? తెలుగులోకి అనువదించొచ్చా? ఇందులోని రూల్స్ వాడి సొంత పుస్తకం రాసి అమ్ముకోవచ్చా? వీటికి జవాబు తాళంలో దొరకదు, లైసెన్సులో దొరుకుతుంది.

తాళం లేకపోయినంత మాత్రాన అన్ని హక్కులూ వచ్చినట్టు కాదు. ఏ అడ్డంకీ లేని పీడీఎఫ్ మీద కూడా సర్వహక్కులూ ప్రచురణకర్తవే అయి ఉండొచ్చు. అలాగే, అందరూ వాడుకోవచ్చని వదిలిన రూల్స్ తాళం ఉన్న యాప్‌లో కూడా కనిపించొచ్చు. కాబట్టి ఏ పుస్తకం గురించైనా అడగాల్సిన ప్రశ్నలు రెండు. ఫైలు నా చేతిలో ఉంటుందా? దానితో నేను ఏం చేయొచ్చు?

పీడీఎఫ్‌ల కథ

రోల్‌ప్లేయింగ్ గేమ్స్ పీడీఎఫ్‌లు అమ్మే ఆర్‌పీజీనౌ అనే ఆన్‌లైన్ దుకాణం 2001లో మొదలైంది. అక్కడి ఫైళ్ళకు తాళం ఉండేది కాదు. 2004లో డ్రైవ్‌త్రూఆర్‌పీజీ వచ్చింది. పెద్ద ప్రచురణకర్తలకు కాపీల భయం ఉండటంతో, ఇది అడోబీ వాళ్ళ డీఆర్ఎం తాళంతో పుస్తకాలు అమ్మింది. కొన్నవాళ్ళు గొడవ చేశారు. కొనుక్కున్న పుస్తకం తెరవడానికి ఇన్ని తిప్పలేంటి, కంప్యూటర్ మారిస్తే పరిస్థితి ఏంటి అని అడిగారు. కొన్నేళ్ళలోనే తాళం పద్ధతి తగ్గిపోయి, వాటర్‌మార్క్ పద్ధతి వచ్చింది. 2006లో రెండు దుకాణాలూ ఒకే సంస్థ కిందికి చేరాయి.

వాటర్‌మార్క్ అంటే ప్రతి పేజీ అడుగున కొన్నవారి పేరు, ఆర్డర్ నంబరు చిన్న అక్షరాల్లో పడటం. ఫైలు ఎక్కడైనా తెరుచుకుంటుంది, ప్రింట్ వస్తుంది, వెతకడానికి ఇబ్బంది ఉండదు. కానీ దాన్ని ఇంటర్నెట్‌లో పెడితే ఎవరి కాపీ బయటికొచ్చిందో తెలిసిపోతుంది. నమ్మకం మీద నడిచే ఏర్పాటు అన్నమాట.

2009 ఏప్రిల్‌లో ఈ నమ్మకానికి దెబ్బ తగిలింది. అంతకు కొద్దిరోజుల ముందే విడుదలైన ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ 2 కాపీలు ఇంటర్నెట్‌లో ఉచితంగా చేతులు మారుతున్నాయని విజార్డ్స్ ఎనిమిది మంది మీద అమెరికాలో కేసులు వేసింది. అక్కడితో ఆగలేదు. ఆన్‌లైన్ దుకాణాలన్నిటి నుంచీ తన పీడీఎఫ్‌ల అమ్మకం ఆపించేసింది. ముందే డబ్బు కట్టి కొన్నవాళ్ళకు మళ్ళీ డౌన్‌లోడ్ చేసుకొనే వీలు కూడా పోయింది. ఇచ్చిన గడువు చాలా తక్కువ. ఎవరో చేసిన తప్పుకు, రసీదు చేతిలో ఉన్నవాళ్ళు కూడా నష్టపోయారు.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. తాళం లేని ఫైలును ముందే తమ కంప్యూటర్‌లో దాచుకున్నవాళ్ళకు ఏమీ కాలేదు. దుకాణం చేయి వాళ్ళ హార్డ్‌డిస్క్ దాకా రాలేదు. అదే ఏడాది జూలైలో కిండిల్‌లో ఇంకోలా జరిగింది. హక్కులు లేని ఒక అమ్మకందారు పెట్టాడన్న కారణంతో జార్జ్ ఆర్వెల్ నవలలు రెండింటిని, అమెజాన్ కొన్నవాళ్ళ పరికరాల్లోంచే చెరిపేసింది. డబ్బు తిరిగిచ్చి, తర్వాత క్షమాపణ చెప్పింది. 2019లో మైక్రోసాఫ్ట్ తన ఈ-బుక్ దుకాణం మూసేసినప్పుడు కొన్న పుస్తకాలన్నీ పనిచేయడం మానేశాయి. అక్కడ కూడా డబ్బు వాపసు ఇచ్చారు. కానీ డబ్బు వేరు, అంచుల్లో మనం రాసుకున్న నోట్సుతో సహా ఉన్న పుస్తకం వేరు.

విజార్డ్స్ పాత పీడీఎఫ్‌లు మళ్ళీ అమ్మకానికి వచ్చింది 2013 జనవరిలో. దాదాపు నాలుగేళ్ళ తర్వాత, మళ్ళీ వాటర్‌మార్క్ పద్ధతిలోనే.

ఫైలే లేని పుస్తకం

ఇప్పుడు పరిస్థితి ఇంకో మలుపు తిరిగింది. డంజియన్స్ అండ్ డ్రాగన్స్ అయిదో ఎడిషన్ ముఖ్య పుస్తకాలను కంపెనీ పీడీఎఫ్‌గా అమ్మలేదు. మౌలిక రూల్స్ మాత్రం ఉచిత పీడీఎఫ్‌గా ఇచ్చింది. పూర్తి పుస్తకం డిజిటల్‌గా కావాలంటే డీ అండ్ డీ బియాండ్ లాంటి వేదికల్లో కొనాలి. 2017లో మొదలైన ఈ వేదికను హాస్‌బ్రో 2022లో 14.63 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. ఇక్కడ పుస్తకం అంటే ఫైలు కాదు. మన ఖాతాలో కనిపించే వెబ్ పేజీలు. సౌకర్యాలు చాలానే ఉన్నాయి. పాత్ర వివరాలు నింపితే లెక్కలన్నీ అదే వేసిపెడుతుంది. కానీ ఖాతా ఉన్నంతవరకే పుస్తకం.

ఇలాంటి పుస్తకానికి ఇంకో లక్షణం ఉంది. కొన్న తర్వాత కూడా మారొచ్చు. 2024 ఆగస్టులో, కొత్త ఎడిషన్ రాబోతుండగా, పాత్రల షీట్లలోని పాత మంత్రాల, వస్తువుల వివరాల స్థానంలో కొత్తవి పెడతామని కంపెనీ ప్రకటించింది. మేము కొన్నది పాతది, మా ఆట నడుస్తున్నది పాత రూల్స్‌తో అని ఆటగాళ్ళు గట్టిగా అడిగారు. కొద్దిరోజుల్లోనే కంపెనీ ఆ నిర్ణయం వెనక్కి తీసుకుంది. అల్మారాలో ఉన్న అచ్చు పుస్తకంలోని వాక్యాన్ని రాత్రికి రాత్రి ఎవరూ మార్చలేరు. తెర మీది పుస్తకంలో మార్చగలరు.

ఓపెన్ లైసెన్సు ఎందుకు పుట్టింది?

ఇక లైసెన్సు సంగతి. ఆట ఆడే పద్ధతికి కాపీరైట్ ఉండదు. ఆ పద్ధతిని వివరిస్తూ రాసిన వాక్యాలకు, బొమ్మలకు, కథలకు ఉంటుంది. అమెరికా సుప్రీంకోర్టు 1879లోనే, ఖాతాపుస్తకాలు రాసే పద్ధతి మీద వచ్చిన బేకర్ వర్సెస్ సెల్డెన్ కేసులో ఈ గీత గీసింది. మన సుప్రీంకోర్టు కూడా 1978లో ఆర్.జీ. ఆనంద్ కేసులో ఆలోచనకు కాపీరైట్ లేదని, దాన్ని చెప్పిన తీరుకే ఉంటుందని తేల్చింది.

వినడానికి తేలికే. కానీ రోల్‌ప్లేయింగ్ గేమ్‌లో రూల్ ఎక్కడ ఆగుతుందో, రచన ఎక్కడ మొదలవుతుందో గీత గీయడం కష్టం. ఇరవై ముఖాల పాచిక వేయడం పద్ధతి. మరి ఒక మంత్రం పేరు, అది చేసే పని, దాన్ని వర్ణించిన పేరా? తేల్చాలంటే కోర్టుకు వెళ్ళాలి. ఇంట్లో కూర్చొని నలభై పేజీల సాహస కథ రాసి అమ్ముకొనే మనిషి లాయరు ఫీజు ఎక్కడ కట్టగలడు?

ఈ భయం తీర్చడానికి 2000లో మూడో ఎడిషన్‌తో పాటు విజార్డ్స్ ఒక లైసెన్సు తెచ్చింది. పేరు ఓపెన్ గేమ్ లైసెన్సు, పొట్టిగా ఓజీఎల్. దీని వెనక ముఖ్య వ్యక్తి రయన్ డాన్సీ. రూల్స్‌లోని ముఖ్య భాగాన్ని ఎస్ఆర్‌డీ అనే పత్రంగా విడుదల చేశారు. ఎవరైనా దాన్ని వాడుకొని సొంత పుస్తకాలు రాసి అమ్ముకోవచ్చు, రాయల్టీ కట్టక్కర్లేదు. పుస్తకం చివర లైసెన్సు మొత్తం అచ్చేయాలి, ఎవరెవరి రచనలు వాడుకున్నారో జాబితా ఇవ్వాలి. కంపెనీ సొంత పేర్లు, పాత్రలు, లోకాలు మాత్రం ముట్టుకోకూడదు.

ఇది దానధర్మం కాదు, వ్యాపార లెక్కే. బయటివాళ్ళు ఎన్ని పుస్తకాలు రాస్తే అసలు రూల్‌బుక్ అంత అమ్ముడవుతుంది. ఇంకో కారణం కూడా ఉంది. టీఎస్ఆర్ దివాలా అంచుకు చేరినప్పుడు ఆట కూడా దానితోపాటే పోయే ప్రమాదం వచ్చింది. రూల్స్ అందరి చేతిలో ఉంటే కంపెనీ మునిగినా ఆట మునగదు.

2008లో నాలుగో ఎడిషన్‌కు విజార్డ్స్ వేరే లైసెన్సు పెట్టింది. షరతులు ఎక్కువ. అది నచ్చని పైజో అనే కంపెనీ, పాత ఓజీఎల్ కింద ఉన్న మూడో ఎడిషన్ రూల్స్‌నే సానబెట్టి 2009లో పాత్‌ఫైండర్ అనే ఆట తెచ్చింది. అది పెద్ద పోటీదారైంది. ఓపెన్ లైసెన్సు బలం ఇదే. ఇచ్చినవాళ్ళ మనసు మారినా, తీసుకున్నవాళ్ళ దారి మూసుకుపోదు. కనీసం అందరూ అలాగే అనుకున్నారు.

2023 జనవరిలో ఏం జరిగింది?

2023 జనవరి 5న ఒక వార్తా సంస్థ కొత్త ఓజీఎల్ 1.1 ముసాయిదాను బయటపెట్టింది. అందులో పాత లైసెన్సు ఇక చెల్లదని ఉంది. ఏడాదికి 50 వేల డాలర్లు దాటి సంపాదించేవాళ్ళు లెక్కలు చూపించాలి. ఏడున్నర లక్షల డాలర్లు దాటిన అమ్మకాల మీద 25 శాతం రాయల్టీ కట్టాలి. ఇది లాభం మీద కాదు, వచ్చిన మొత్తం మీద. అంటే పది లక్షల డాలర్ల పుస్తకాలు అమ్మిన సంస్థ, అచ్చు ఖర్చు, జీతాలు, రవాణా పోను ఏమీ మిగలకపోయినా 62,500 డాలర్లు కట్టాల్సిందే. పైగా, ఆ రచనలను విజార్డ్స్ తనకు తోచినట్టు వాడుకొనే హక్కు కూడా రాసివ్వాలి.

పాత లైసెన్సు శాశ్వతం అని రాసి ఉంది కదా, ఎలా రద్దు చేస్తారు? ఇక్కడే కిటుకు. శాశ్వతం అంటే గడువు తేదీ లేదని అర్థం. వెనక్కి తీసుకోలేము అనే మాట వేరు. ఆ మాట ఓజీఎల్‌లో లేదు. పైగా అధీకృత వెర్షన్ ఏదైనా వాడుకోవచ్చు అని ఒక నిబంధన ఉంది. పాతదాన్ని అధీకృతం కాదని ప్రకటిస్తే సరిపోతుందన్నది కంపెనీ వాదన. కొత్త వెర్షన్ నచ్చకపోతే పాతదే వాడుకోవచ్చని అదే కంపెనీ ఒకప్పుడు తన ప్రశ్నోత్తరాల్లో చెప్పింది. కానీ ఆ భరోసా లైసెన్సులో లేదు. ఇంటి దస్తావేజులో లేని మాట నోటితో ఎన్నిసార్లు చెప్పినా ఏం లాభం?

ఆటగాళ్ళు, రచయితలు, చిన్న ప్రచురణకర్తలు ఒక్కటయ్యారు. డీ అండ్ డీ బియాండ్ చందాలు రద్దు చేసుకున్నారు. జనవరి 12న పైజో, ఎవరి చేతిలోనూ ఉండని కొత్త లైసెన్సు తెస్తామని ప్రకటించింది. 1,500కు పైగా ప్రచురణకర్తలు మద్దతు తెలిపారు. ఎనిమిది నెలలకు సరిపడా ఉన్న పాత్‌ఫైండర్ పుస్తకాలు రెండు వారాల్లో అమ్ముడయ్యాయని పైజో చెప్పింది.

విజార్డ్స్ రాయల్టీ మాట వదిలేసి మరో ముసాయిదా తెచ్చి అభిప్రాయాలు అడిగింది. 15 వేల మందికి పైగా స్పందించారు. కొత్త లైసెన్సు కింద పుస్తకాలు రాయబోమని 88 శాతం చెప్పారు. జనవరి 27న కంపెనీ పూర్తిగా దిగొచ్చింది. పాత ఓజీఎల్‌ను ముట్టుకోబోమంది. అంతకన్నా పెద్ద సంగతి, సుమారు 400 పేజీల ఎస్ఆర్‌డీ 5.1 మొత్తాన్నీ క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద పెట్టేసింది. ఆ లైసెన్సు కంపెనీది కాదు. దాన్ని కంపెనీ మార్చలేదు, వెనక్కి తీసుకోలేదు. మూడు వారాల్లో జరిగిన కథ ఇది.

ఇప్పుడు వాడుకలో ఉన్న లైసెన్సులు

పుస్తకం మొదటి పేజీల్లోనో చివర్లోనో వీటిలో ఏదో ఒకటి కనిపించవచ్చు.

సీసీ బై: రచయిత పేరు చెప్పండి, మిగతాది మీ ఇష్టం. కాపీ చేయొచ్చు, మార్చొచ్చు, అనువదించొచ్చు, అమ్ముకోవచ్చు. 2013లో వచ్చిన ఫేట్ కోర్ రూల్స్ ఈ పద్ధతిలోనే ఉన్నాయి. ఎస్ఆర్‌డీ 5.1, 2025లో వచ్చిన ఎస్ఆర్‌డీ 5.2 కూడా ఇంతే.

సీసీ బై-ఎస్ఏ: పైవన్నీ చేయొచ్చు. కానీ మీరు మార్చి రాసినదాన్ని కూడా అదే లైసెన్సు కింద అందరికీ ఇవ్వాలి. బేసిక్ ఫాంటసీ అనే ఆట నాలుగో ఎడిషన్ 2023లో ఇలా వచ్చింది. దాని పీడీఎఫ్ ఉచితం.

ఎన్‌సీ అనే అక్షరాలు ఉంటే వ్యాపారానికి వాడకూడదు. ఎక్లిప్స్ ఫేజ్ అనే ఆటను 2009లో ఇలాగే వదిలారు. రచయితలే కాపీలు పంచుకోమన్నారు, దుకాణంలో అమ్మారు కూడా.

ఎన్‌డీ అనే అక్షరాలు ఉంటే ఉన్నదున్నట్టు పంచొచ్చు గానీ, మార్చినదాన్ని పంచకూడదు. అనువాదం కూడా మార్పు కిందికే వస్తుంది.

ఓఆర్‌సీ: పైజో చొరవతో అజోరా లా అనే న్యాయ సంస్థ రాసిన లైసెన్సు. 2023లో ఖరారైంది. వెనక్కి తీసుకోలేము అనే మాట ఇందులో స్పష్టంగా ఉంది. ఆట రూల్స్ అందరివీ, కథలూ పాత్రలూ రచయితవి అని ఇది విడదీస్తుంది.

తాళానికీ లైసెన్సుకూ ముడిపడేది ఇక్కడే. క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద తీసుకున్న రచనకు, ఇతరుల హక్కులను అడ్డుకొనేలా డీఆర్ఎం తాళం వేసి పంచడం ఆ లైసెన్సుకే విరుద్ధం. నీకు తెరిచి ఇచ్చినదాన్ని నువ్వు మూసి ఇవ్వకూడదు అన్నమాట.

ఓపెన్ అన్నట్టే కనిపించి, కానివి కూడా ఉన్నాయి. 2016లో మొదలైన డీఎమ్స్ గిల్డ్‌లో డంజియన్స్ అండ్ డ్రాగన్స్ లోకాలు, పాత్రలు వాడుకొని రాసి అమ్మొచ్చు. రచయితకు ధరలో సగం వస్తుంది. కానీ ఆ రచనను ఇంకెక్కడా అమ్ముకోవడానికి వీల్లేదు. తెలిసి ఒప్పుకుంటే తప్పులేదు. తెలియక ఒప్పుకుంటేనే బాధ.

మన చట్టం ఏం చెబుతుంది?

మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. డిజిటల్ తాళాల గురించిన 65ఏ సెక్షన్‌ను 2012 సవరణలో చేర్చారు. కాపీరైట్‌ను ఉల్లంఘించాలన్న ఉద్దేశంతో తాళం విరిస్తే రెండేళ్ళ వరకు జైలు, జరిమానా. ఉద్దేశం అనే మాట ఇక్కడ కీలకం. అమెరికాలో 1998 నాటి చట్టం ప్రకారం తాళం విరవడమే నేరం. ఏయే పనులకు మినహాయింపు ఇవ్వాలో అక్కడ మూడేళ్ళకోసారి తేలుస్తారు.

చూపులేనివారి విషయంలో మన చట్టం కొంత ఉదారంగా ఉంది. స్క్రీన్ రీడర్ చదివి వినిపించాలంటే టెక్స్ట్ దానికి అందాలి. కాపీని అడ్డుకొనే తాళం చాలాసార్లు ఈ దారిని కూడా మూసేస్తుంది. 2012 సవరణ, వికలాంగులు చదువుకోగలిగే రూపంలోకి పుస్తకాన్ని లాభాపేక్ష లేకుండా మార్చుకోవడానికి అనుమతి ఇచ్చింది. ఇదే అంశం మీద వచ్చిన మర్రకేష్ ఒప్పందాన్ని ప్రపంచంలో మొట్టమొదట, 2014లో, ఆమోదించిన దేశం మనదే.

అనువాదం మాత్రం మూల రచయిత హక్కు. లైసెన్సు లేకుండా ఒక గేమ్ పుస్తకాన్ని తెలుగులోకి మార్చి పంచితే, డబ్బు తీసుకోకపోయినా తప్పే.

కొనే ముందు చూసుకోవాల్సినవి

1. ఫైలు ఇస్తున్నారా, ఖాతాలో చూపిస్తున్నారా? పీడీఎఫ్, ఈపబ్ అని ఉంటే ఫైలు. యాప్‌లో మాత్రమే అంటే ఖాతా.

2. డీఆర్ఎం ఉందా, వాటర్‌మార్క్ మాత్రమేనా? ఈ వివరం దుకాణం పేజీలోనే ఉండాలి. కనిపించకపోతే అడిగి కొనండి.

3. ప్రింట్ వస్తుందా? పిల్లలకు పాత్ర షీట్లు, మ్యాపులు కాగితం మీద కావాలి.

4. ఇంట్లో ఎందరు వాడొచ్చు? అక్క ఖాతాలో కొన్నది తమ్ముడి ఫోన్‌లో తెరుచుకోకపోతే మళ్ళీ కొనాల్సి వస్తుంది.

5. ఫైలు వచ్చిన రోజే రెండు చోట్ల దాచుకోండి. ఒకటి కంప్యూటర్‌లో, ఒకటి పెన్‌డ్రైవ్‌లో. రసీదు ఈమెయిల్ చెరపకండి. దుకాణం ఎప్పటికీ ఉంటుందని నమ్మొద్దు.

6. కొన్న పీడీఎఫ్‌ను వాట్సాప్, టెలిగ్రామ్ గ్రూపుల్లో పెట్టకండి. అది తప్పు కావడం ఒక ఎత్తు. ప్రతి పేజీలో మీ పేరు ఉండటం ఇంకో ఎత్తు.

7. ముందు ఉచితంగా దొరికేవాటితో మొదలుపెట్టండి. ఎస్ఆర్‌డీ, బేసిక్ ఫాంటసీ లాంటివి డౌన్‌లోడ్ చేసుకొని, వీధి చివర జిరాక్స్ షాపులో ప్రింట్ తీయించుకొని ఆడొచ్చు. ఇందులో దొంగతనం లేదు, మొహమాటపడాల్సిందీ లేదు.

సొంతంగా రాసే పిల్లలుంటే

ఈ ఆట ఆడే పిల్లల్లో చాలామంది కొన్నాళ్ళకు సొంత కథలు, సొంత లోకాలు రాసుకోవడం మొదలుపెడతారు. ఓపెన్ లైసెన్సు అసలు విలువ అక్కడ తెలుస్తుంది. సీసీ బై కింద ఉన్న రూల్స్ తీసుకొని గోల్కొండ కోటలోనో, కృష్ణా తీరంలోనో జరిగే కథ రాయొచ్చు. మీ ఇంటికి నచ్చని అంశం ఉంటే తీసేయొచ్చు. మొత్తం తెలుగులో రాయొచ్చు, ఉర్దూలో కూడా. ఎస్ఆర్‌డీ 5.1ను 2023లోనే ఫ్రెంచి, జర్మన్, ఇటాలియన్, స్పానిష్ భాషల్లో కంపెనీయే విడుదల చేసింది. ఆ జాబితాలో తెలుగు లేదు. కానీ తెలుగు చేయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. లైసెన్సులో చెప్పినట్టు మూలాన్ని పేర్కొంటే చాలు.

రెండు జాగ్రత్తలు. ఓపెన్ అయింది ఆ పత్రంలోని రచన మాత్రమే. బ్రాండ్ లోగో, ఇతర పుస్తకాల్లోని బొమ్మలు, పాత్రలు దాని కిందికి రావు. రెండోది, పద్దెనిమిదేళ్ళు నిండనివాళ్ళు చేసుకున్న ఒప్పందం మన చట్టం ప్రకారం చెల్లదు. కాబట్టి పిల్లలు రాసినది అమ్మాలనుకుంటే ఖాతా పెద్దవాళ్ళ పేరు మీద తెరవాలి, షరతులు పెద్దవాళ్ళు చదవాలి. ముఖ్యంగా మూడు చూడండి. ఇంకోచోట అమ్ముకొనే హక్కు మిగులుతుందా? రచన మీద హక్కు ఎవరికి వెళ్తోంది? ఇచ్చిన మాట వెనక్కి తీసుకోలేమని రాసి ఉందా?

23 ఏళ్ళపాటు వేలమంది రాసుకొన్న పుస్తకాలు, కొందరి సంసారాలు కూడా, ఆ చివరి మాట లేకపోవడం వల్ల మూడు వారాలు గాలిలో వేలాడాయి. ఇల్లు కొనేటప్పుడు దస్తావేజు నలుగురికి చూపించి చదివించుకుంటాం. పిల్లలు పుస్తకం కొంటామన్నప్పుడు, రాసింది అమ్ముతామన్నప్పుడు ఆ లైసెన్సు పేజీ కూడా ఒకసారి వాళ్ళతో కలిసి చదవండి. పది నిమిషాల పని.